కొత్తగా తెచ్చిన ఈల్ ఏం తింటలేదా? ముందు ఇల్లు, తర్వాత తిండి

"అన్నా, ఈల్ తెచ్చి వారమైతుంది, ఏం పెట్టినా ముడ్తలేదు, ఏం చేయాలె?" నల్లగొండ, మిర్యాలగూడ, దేవరకొండ, ఇటు జడ్చర్ల, మహబూబ్‌నగర్ దిక్కు నుంచి ఇదే ప్రశ్న మళ్లా మళ్లా వస్తనే ఉంటది, ఒక్కొక్కరికి విడివిడిగ చెప్పుకుంట కూసునే బదులు అంతా ఒక్కకాడ రాస్తున్న. ఈల్ అంటే పాములెక్క పొడుగ్గ ఉండే, అక్వేరియం ట్యాంకుల పెంచుకునే చేప. అడిగేటోళ్లల్ల ఎక్కువమంది చేసేది ఒక్కటే. పొద్దుగాల లైట్ ఏసి పైనుంచి పెల్లెట్లు చల్లుతరు, ఈల్ రాదు, సాయంత్రం ఇంకో రకం తిండి ఏస్తరు, అదీ తినదు, ఇగ మూడో రోజుకు రాళ్లు, పైపులు అన్నీ జరిపి అది బతికుందా లేదా అని ఎతుకుతరు. అసలు అది తినకపోయేది తిండి నచ్చక కాదు, ఆ ట్యాంకుల దానికి ధైర్యం కుదరక. దాక్కునే జాగ, చీకటి, నిమ్మళం, ఈ మూడు ఉంటే చాలా ఈల్స్ ఎర్రల (వానపాముల) వాసనకు బయటికి తల పెడ్తయి. అవి లేకపోతే మీరు ఎంత ఖరీదైన తిండి తెచ్చినా దండగే.

ముందు మీ దగ్గర ఉన్నది ఏ ఈల్

మన దుకాణాలల్ల ఈల్ అని అమ్మేవి ఎక్కువగ మూడు: ఫైర్ ఈల్, టైర్ ట్రాక్ ఈల్, పీకాక్ ఈల్. ఇవి నిజం ఈల్స్ కావు, వీపు మీద వరుసగ చిన్న చిన్న ముళ్లుండే చేపలు, మన బొమ్మిడాయి కుటుంబమే. టైర్ ట్రాక్ పేరుతో అమ్మేవాటిల్ల ఒకటి మన కృష్ణల వలకు పడే పెద్ద బొమ్మిడాయే, అందుకే కొందరు డిండి, కోయిల్‌సాగర్ దిక్కు చేపలు పట్టేటోళ్ల దగ్గర బతికున్నది అడిగి తెచ్చుకుంటరు. మూడింటికీ కిందిదంతా పనిచేస్తది. పీకాక్ చిన్నది, ట్యాంకుల జానెడు పైన ఇంకొంచెం దాకా పెరుగుతది. టైర్ ట్రాక్, ఫైర్ మాత్రం రెండు ఫీట్ల దాకా పోతయి, ఫైర్ ఈల్ అయితే నదిల మీటర్ దాకా పెరుగుతది, ఇది తెచ్చుకునే ముందే తెలిసుండాలె.

ఇంకోటి, "ఫ్రెష్ వాటర్ మోరే" అని చెప్పి ఒక ఈల్ అమ్ముతుంటరు. అది మంచినీళ్ల చేప కాదు, ఉప్పు కలిసిన నీళ్లు కావాలె దానికి, మంచినీళ్లల్ల కొద్దిరోజులు ఉండి తిండి మానేస్తది. మీది అదే అయితే ఇక్కడ రాసిన ఎర్రలు, పైపులు ఏవీ దాన్ని కాపాడవు, సముద్రపు ఉప్పు కలిపి నెమ్మదిగ నీళ్లు మార్చుడే దారి.

ఏమేం కావాలె

- ట్యాంక్: పీకాక్‌కు కనీసం 3 ఫీట్ల పొడుగు, టైర్ ట్రాక్, ఫైర్ పిల్లలకు 4 ఫీట్లు, పెద్దగైతే 6 ఫీట్లు. నీళ్లు పోసి ఫిల్టర్ నడవబట్టి కనీసం నెల దాటి ఉండాలె.
- గట్టి మూత. ఫిల్టర్ పైపు, వైర్లు పోయే సందులు మూయడానికి స్పాంజ్ ముక్కలు.
- జల్లెడ పట్టిన సన్న వాగు ఇసుక, 2 నుంచి 3 ఇంచుల మందం పరిచేంత.
- పీవీసీ పైపు ముక్కలు రెండు మూడు, ఈల్ ఒళ్లు కంటే కొంచెమే వెడల్పు ఉండాలె, అది నిండా దూరేంత పొడుగు ఉండాలె.
- ఎర్ర జీరో బల్బు, లేదంటే టార్చికి చుట్టడానికి ఎర్ర రంగు ప్లాస్టిక్ కాగితం.
- మొద్దు కొసలున్న పొడుగు చిమ్టా.
- మెడికల్ షాపుల దొరికే 20 ఎంఎల్ సిరంజి, దాని మూతికి తొడగడానికి ఫీటున్నర ఎయిర్ పైపు.
- తిండి: బతికున్న ఎర్రలు, ఫ్రోజెన్ బ్లడ్ వార్మ్ (గడ్డకట్టించి అమ్మే సన్న ఎర్రటి పురుగులు), పచ్చి రొయ్యలు.
- అమ్మోనియా, నైట్రైట్ (రెట్ట, మిగిలిన తిండి కుళ్లితే నీళ్లల్ల చేరే విషాలు) టెస్ట్ కిట్, థర్మామీటర్, వీలైతే టీడీఎస్ మీటర్ (నీళ్లల్ల కరిగిన ఉప్పులు, ఖనిజాలు కొలిచేది).

1. నీళ్లు చూడండి, తిండి సంగతి తర్వాత

అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా ఉండాలె. కొంచెం ఉన్నా ఈల్ తినదు, ఎందుకంటే దీనికి పొలుసులు మరీ సన్నవి, చర్మం మెత్తగుంటది, నీళ్లల్ల తేడా వస్తే మిగిలిన చేపల కంటే ముందు దీనికే తగుల్తది. నిన్న కొన్న ట్యాంకుల నేడు ఈల్ ఏసినోళ్లు తిండి గురించి అడిగే ముందు రోజూ నాలుగో వంతు నీళ్లు మార్చుడు మొదలు పెట్టుర్రి.

మనదిక్కు అసలు తిప్పలు బోరు నీళ్లతోటి. నల్లగొండ బోర్లల్ల ఫ్లోరైడ్ సంగతి అందరికీ తెలిసిందే, దాంతోపాటు ఉప్పదనం, గట్టిదనం కూడ ఎక్కువ, పీహెచ్ (నీళ్ల పులుపు, క్షారం కొలత) చాలాచోట్ల 8 దగ్గరికి పోతది. హైదరాబాద్ దుకాణంల ఈల్ ఉన్న నీళ్లు వేరే, మీ బోరు నీళ్లు వేరే, టీడీఎస్ మీటర్ పెడితే రెండు మూడింతల తేడా కనపడొచ్చు. బోరు నీళ్లల్ల ఈ చేప బతకదని కాదు, ఒక్కసారిగ మారుడే దానికి దెబ్బ. నా సలహా అయితే మిషన్ భగీరథ నల్లా నీళ్లు వాడుర్రి, అది కృష్ణ నీళ్లను శుద్ధి చేసి పంపేది, బోరు అంత గట్టిగ ఉండదు. కాని దాంట్ల క్లోరిన్ ఉంటది, యాంటీ క్లోరిన్ చుక్కలు ఏసుడో, బకెట్ల పట్టి ఎయిర్ పంప్ పెట్టి ఒకరోజు ఉంచుడో చేయాలె. భగీరథ నీళ్లు రాని ఊరైతే బోరు నీళ్లు సగం, ప్యూరిఫైడ్ క్యాన్ నీళ్లు సగం కలుపుకోవచ్చు. ఉత్త క్యాన్ నీళ్లతోటి మొత్తం ట్యాంక్ నింపొద్దు, దాంట్ల ఖనిజాలు దాదాపు ఉండవు, పీహెచ్ నిలకడగ ఉండదు. మీరు ఏ కలుపుడు మొదలుపెడితే అదే కొనసాగించాలె, ఈ వారం బోరు, వచ్చే వారం క్యాన్ అంటే మళ్ల మొదటికొస్తది.

వేడి 24 నుంచి 28 డిగ్రీల మధ్య ఉంటే బాగ తింటది. చలికాలం మహబూబ్‌నగర్ దిక్కు రాత్రిళ్లు నీళ్లు బాగ చల్లగైతయి, అప్పుడు తినకపోతే ముందు హీటర్ పెట్టి చూడుర్రి. ఎండాకాలం నల్లగొండల చెప్పే పనే లేదు, నీళ్లు 32 దాటితే గాలి తగ్గి చేప పైకొచ్చి మూతి పెడ్తది, తిండి మాట మరిచిపోతది. మూత మీద సన్న జాలీ ఏసి పక్కనుంచి టేబుల్ ఫ్యాన్ తిప్పితే రెండు మూడు డిగ్రీలు తగ్గుతది. ఐస్ గడ్డలు నీళ్లల్ల ఏసుడు వద్దు.

2. కవర్ల నుంచి ట్యాంకులకు

హైదరాబాద్ నుంచి బస్సుల రెండు మూడు గంటలు వచ్చిన చేప అయితే, కవర్ మూతి కట్టిందే 20 నిమిషాలు నీళ్ల మీద తేలనియ్యాలె. తర్వాత చేపను ఆ నీళ్లతోటే బకెట్ల పోసి, ట్యాంక్ నుంచి ఎయిర్ పైపు ముడేసి చుక్క చుక్క పడేటట్టు గంటసేపు నడిపియ్యాలె. బకెట్ మీద మూత ఉండాలె, ఈల్ అంచెక్కి పోతది. రాత్రంతా పార్సిల్ల వచ్చిన చేపైతే ఇంత సాగదీయొద్దు, కవర్ల అమ్మోనియా జమైతది, మన గట్టి నీళ్లు కలిసి పీహెచ్ పెరిగేకొద్దీ ఆ అమ్మోనియానే ఇంకా విషమైతది. అట్లాంటిది కవర్ విప్పినంక తొందరగ ట్యాంక్ నీళ్లల్లకు మార్చాలె.

కవర్ల నీళ్లు ట్యాంకుల పోయొద్దు. ఈల్‌ను చేత్తోటి పట్టొద్దు, వీపు ముళ్లు గుచ్చుకుంటయి. వల కూడ వద్దు, ఆ ముళ్లు వలల చిక్కి అది మెలికలు తిరిగి ఒళ్లు చీరుకుంటది, ఆ గాయంతోటి చేప అసలే తినదు. ప్లాస్టిక్ డబ్బనో, పైపు ముక్కనో ముంచి అది దూరినంక రెండు దిక్కులా మూసి జరపాలె.

3. ఇల్లు కట్టుడు

ఇసుక గురించి గట్టిగ చెప్తున్న, రోబో సాండ్ ఏసుడు వద్దే వద్దు. అది క్రషర్ల రాయి పిండి చేసింది, అంచులు పదును. ఇది ఇసుకల మూతి పెట్టి తల తోసుకుంట లోపలికి పోయే చేప, ఒక్కరోజుల కడుపు కింద ఎర్రగ గీతలు పడ్తయి. రంగు రాళ్లు కూడ అంతే. ఇల్లు కడుతున్న జాగల వాగు ఇసుక ఉంటే కొంచెం అడిగి తెచ్చుకొని, సన్న జల్లెడ పట్టి, నీళ్లు తేటగ వచ్చేదాక బకెట్ల కడగాలె. సిమెంట్ కలిసిన జాగ నుంచి తేవొద్దు. అరచేతిల పోసుకొని గట్టిగ రుద్దితే గుచ్చుకోవద్దు, అదే పరీక్ష.

పైపు కోసిన అంచులు సాండ్ పేపర్‌తోటి నున్నగ చేయాలె. పైపు నిండా వెడల్పుది పెడ్తరు చాలామంది, పెద్దిల్లు ఇచ్చినమని. ఈల్‌కు ఒళ్లుకు నాలుగు దిక్కులా తగిలే బొక్క ఉంటేనే నిమ్మళం. వేలంత పిల్లకు అరఇంచు, ముప్పావు ఇంచు పైపు చాలు. ఒక మూతి ఇసుకల సగం కప్పి, ఇంకో మూతి మీకు కనపడే దిక్కు పెట్టుర్రి, తిండి పెట్టేది ఆ మూతి కాడనే. ట్యాంక్ వెనుక, పక్కల నల్ల కాగితం అంటియ్యాలె. పైన తేలే ఆకుల మొక్కలేమన్న ఉంటే వెలుతురు తగ్గి ఇంకా మంచిది.

ఇగ మూత. ఈల్ మొదటి వారంలనే ఎక్కువ పారిపోతది, తల దూరే సందుంటే ఒళ్లంతా దూరుతది. నీళ్లు అంచుకు నాలుగు వేళ్లు కిందికి ఉంచుర్రి. వైర్ సందు, ఫిల్టర్ సందు స్పాంజ్ పెట్టి గట్టిగ కుక్కాలె. పొద్దున ట్యాంకుల కనపడకపోతే ముందు ఇసుక తవ్వకండి, ముందు నేల మీద, టేబుల్ వెనుక, సోఫా కింద చూడుర్రి. ఒళ్లు కొంచెం తడిగున్నా, పైకి ఎండినట్టు కనపడ్డా కూడ, నీళ్లల్ల ఏసి ఎయిర్ పంప్ పక్కన పెట్టి చూడాలె, కొన్నిసార్లు తేరుకుంటది.

4. తోటి చేపలు

ఫ్లవర్ హార్న్, ఆస్కార్, టైగర్ బార్బ్ ఉన్న ట్యాంకుల కొత్త ఈల్ తినుడు కష్టం. అవి కొరుకుతయి, లేదంటే తిండి కింద పడకముందే మింగుతయి. గప్పీలు, నియాన్‌లు ఉంటే ఇంకో రకం బాధ, ఈల్ పెద్దగైనంక రాత్రిపూట వాటినే తింటది. ఈల్ తిండి మరిగేదాక దాన్ని ఒక్కదాన్నే ఉంచుర్రి, వేరే ట్యాంక్ లేకపోతే మధ్యల అడ్డం జాలీ పెట్టుర్రి, అదీ కాకపోతే తోటి చేపలకు ముందు పైన కడుపు నిండా పెట్టి, అవి మందంగ అయినంక లైట్ తీసి ఈల్‌కు పెట్టుర్రి.

5. మొదటి రెండు రోజులు ఏం పెట్టకండి

ఇది చాలామందికి మనసొప్పదు. అంత దూరం నుంచి వచ్చింది, ఆకలైతుందేమో అని. దాని కడుపుకు రెండు రోజుల ఖాళీ లెక్కనే కాదు. ఆ రెండు రోజులు లైట్ ఏయొద్దు, ట్యాంకుల చెయ్యి పెట్టొద్దు, పిల్లలు అద్దం కొట్టకుండ చూసుకోవాలె. ఈల్ ఇసుకల కూరుకుపోయి ముక్కు కొస ఒక్కటే బయట పెడ్తది, దగ్గరికి పోయి కన్నార్పకుండ చూస్తే ఆ కొస మీద రెండు సన్న గొట్టాల్లాంటి ముక్కుపుటాలు అటిటు కదుల్తుంటయి, పక్కన ఇసుక గింజలు ఊపిరికి మెల్లగ లేస్తుంటయి. అది కనపడితే చాలు, చేప బాగున్నట్టే, తవ్వొద్దు.

6. ఎర్రలు తెచ్చుడు

కొత్త ఈల్‌కు ఎర్రలను మించిన తిండి లేదు. దీనికి కంటిచూపు తక్కువ, ముక్కుతోటే ఎతుక్కుంటది, ఎర్ర వాసన, దాని మెలికలు రెండూ దాన్ని లాగుతయి. మిరుగం ఎళ్లి వానలు పడ్డంక ఎక్కడ తవ్వినా దొరుకుతయి, ఎండాకాలం అయితే పెంటకుప్ప అడుగున, బోరింగు కాడ తడి మట్టిల, అరటి చెట్టు మొదట్ల చూడాలె.

ఎక్కడి నుంచి తేవొద్దో అది ఇంకా ముఖ్యం. పత్తి చేను, మిరప తోట, బత్తాయి తోట గట్ల మీద తవ్వొద్దు, మందు కొట్టిన మట్టిల ఎర్ర ఆ మందునే మోసుకొస్తది. మూసీ నీళ్లు పారే పొలాలల్ల కూడ వద్దు. వర్మీ కంపోస్ట్ చేసే రైతు దగ్గర అడిగితే దోసెడు ఇస్తరు, కాని అక్కడ రెండు రకాలుంటయి. సన్నగ, ఎర్రగ, ఒళ్లంతా పట్టీలున్న రకం పట్టుకుంటే పసుపు రంగు నీళ్లు విడుస్తది, వాసన కూడ వస్తది, చాలా చేపలు దాన్ని నోట్లకు తీసుకొని ఉమ్మేస్తయి. లావుగ, పొడుగ్గ, ఊదారంగు మెరుపున్న ఆఫ్రికా రకం మాత్రం ఇష్టంగ తింటయి. మీ ఈల్ ఎర్ర నోట్లకు తీసుకొని వదిలేస్తుంటే ముందు ఎర్ర రకం మార్చి చూడుర్రి.

తెచ్చినంక కడిగి, తడి గుడ్డ పరిచిన డబ్బల ఒకరోజు ఉంచితే కడుపుల మట్టి పోతది. మూతకు బొక్కలు పెట్టాలె. పెట్టే ముందు మళ్లా కడగాలె. ఈల్ మూతి చాలా చిన్నది, చేప ఎంత పొడుగున్నా ఒళ్లు చూసి లెక్కేయొద్దు, మూతి చూసి కోయాలె. పిల్లలకు సెంటీమీటర్ ముక్కలు, జానెడు దాటిన దానికి సగం ఎర్ర, ఫీటున్నర దాటినదానికి నిండు ఎర్ర. కోసిన ముక్క నుంచి వాసన ఎక్కువ వస్తది కాబట్టి మొదటిసారి పెద్ద ఈల్‌కు కూడ కోసిందే పెట్టుర్రి.

7. మొదటి రాత్రి

మూడో రోజు రాత్రి ట్యాంక్ లైట్, రూమ్ లైట్ తీసేసి అరగంట, గంట ఆగాలె. ఎర్ర జీరో బల్బు దూరంగ ఉంటే చాలు. ఫిల్టర్ ధార పైపు మూతి దిక్కు జోరుగ కొడుతుంటే కొద్దిసేపు ఆపుర్రి, ఎయిర్ పంప్ ఆపొద్దు. రెండు మూడు ఎర్ర ముక్కలు చిమ్టాతోటి పట్టి పైపు మూతికి బెత్తెడు దూరంల ఇసుక మీద పెట్టి, చిమ్టా మెల్లగ తీసేయాలె. మూతి లోపలికి తోయొద్దు, బెదిరి వెనుక నుంచి పోతది.

తర్వాత దూరం కూసోండి. పది నిమిషాలకు ముక్కు కొస బయటికొచ్చి గాలి పసిగట్టినట్టు అటిటు ఆడుతది. తల కొంచెం వస్తది, మళ్ల లోపలికి పోతది, మళ్ల వస్తది. ముక్క పక్కనుంచే పోయినా చూడనట్టే ఉంటది, ముక్కు తగిలినంక ఆగుతది, ఒక్క గుంజుడు, ముక్క మాయం. అంతే, ఆ రోజుకు ఇంకేం చేయొద్దు. ఇంకా పెడ్దాం, వీడియో తీద్దాం అని తెల్ల టార్చి కొడితే తెల్లారి నుంచి మళ్ల రాదు.

రాలేదా, ముక్కలు అట్లనే వదిలి పండుకోండి. చాలా ఈల్స్ మనం చూస్తున్నంతసేపు తినవు, అర్ధరాత్రి దాటినంక తింటయి. పొద్దున లేవంగనే మిగిలిన ముక్కలు ఏరి తీసేయాలె, లేకపోతే నీళ్లు పాడైతయి.

8. నాలుగైదు రాత్రులైనా ముడ్తలేదంటే

సిరంజి పద్ధతి. ఫ్రోజెన్ బ్లడ్ వార్మ్ ముక్క ట్యాంక్ నీళ్లల్లనే కరిగించి, సిరంజిల తీసుకొని, ఎయిర్ పైపు కొస దాని ముక్కు దగ్గర పెట్టి కొంచెం కొంచెం వదలాలె. ముందు ఆ ఎర్ర నీళ్లే వదిలి ఐదు నిమిషాలు ఆగి, తర్వాత పురుగులు వదిలితే ఇంకా బాగ పనిచేస్తది. పీకాక్ పిల్లలకు ఇది ఎర్రల కంటే కూడ నయం.

గిన్నె పద్ధతి. చిన్న మట్టి ప్రమిదల నాలుగు సన్న ఎర్రలు నిండువి ఏసి పైపు మూతి కాడ ఇసుకల అంచు దాక పూడ్చాలె. ఎర్రలు అందులనే మెదులుతయి, ఎక్కడికీ పోవు, మిగిలితే తీసుడు సులువు. నేను ఎవరికన్న ఒక్కటే పద్ధతి చెప్పాలంటే ఇదే చెప్తా.

బతికున్న చిన్న రొయ్యలు. చెరువుల చేపలు పట్టేటోళ్ల దగ్గర సన్న రొయ్యలు దొరికితే వేరే బకెట్ల ఒకటి రెండు రోజులు ఉంచి, బాగున్నవి నాలుగు ఏస్తే రాత్రంతా వాటిని ఎంటబడి తింటది. మార్కెట్ల పచ్చి రొయ్యలైతే తల, పెంకు తీసి సన్నగ కోసి పెట్టాలె, ఉప్పు, పసుపు రాసినవి కాదు.

టుబిఫెక్స్ పురుగులు ఆశ పడి తింటయి నిజమే, కాని అవి మురుగుల పెరిగేవి, బతికున్నవి రోగాలు తెస్తయి. వేరే ఏదీ దొరకకపోతే తప్ప వద్దంట నేను. గోల్డ్ ఫిష్ పిల్లలు ఏసుడు కూడ వద్దు, రోగం సంగతి ఒకటి, అవే ఎక్కువగ తింటే బీ1 విటమిన్‌ను పాడుచేసే గుణం వాటిల్ల ఉంది. కోడి, మేక మాంసం ముక్కల కొవ్వు దీనికి అరగదు.

ఏ పద్ధతి పట్టినా వరుసగ మూడు నాలుగు రాత్రులు అదే టైముకు, అదే జాగల చేయాలె. రోజుకొకటి మార్చొద్దు.

9. తిన్నదా లేదా ఎట్ల తెలుస్తది

- ఎన్ని ముక్కలు పెట్టినరో రాసుకోండి, పొద్దున ఎన్ని మిగిలినయో చూడుర్రి. వేరే చేపలు, పీతలు ఉన్న ట్యాంకుల ఈ లెక్క నమ్మొద్దు.
- ముక్క దొరకలేదంటే తిన్నదనుకోకండి, ఫిల్టర్ స్పాంజ్ కాడ, పైపు వెనుక ఒకసారి చూడుర్రి.
- పైపు మూతి కాడ ఇసుక మీద నల్లగ, మట్టి రంగుల రెట్ట కనపడితే తిన్నట్టే.
- కడుపు పక్కనుంచి చూడాలె. తిన్న తెల్లారి తల వెనుక నుంచి మధ్య దాక గుండ్రంగ ఉంటది.
- వారానికొకసారి అద్దం పక్కన ఉన్నప్పుడు ఫోటో తీసి పాతదాని పక్కన పెట్టి చూడుర్రి. రోజూ చూసే కంటికి చిక్కిపోయేది తెలవదు, ఫోటోల తెలుస్తది. ఫ్లాష్ వద్దు.

ఎప్పుడు గాబరా పడాలె

ఫీటు దాటిన ఫైర్ ఈల్, టైర్ ట్రాక్ వారం, పదిరోజులు తినకపోతే భయమేం లేదు, రెండు వారాలు కూడ తట్టుకుంటయి. వేలంత పీకాక్ పిల్లకు అంత ఓర్పు ఉండదు, వారం దాటితే పైన చెప్పిన సిరంజి, గిన్నె పద్ధతులు రెండూ కలిపి మొదలు పెట్టాలె. రోజులు లెక్కపెట్టుడు కంటే ఒళ్లు చూసుడు మేలు. తల వెనుక లోతుగ గుంట పడ్డా, వీపు కత్తి అంచులెక్క సన్నగైనా, కడుపు లోపలికి పోయినా అది ఆకలి దాటి నీరసంలకు పోయిందని.

పగలు కూడ బయట పండి, పక్కకు ఒరిగి, చిమ్టా దగ్గరికి తెచ్చినా కదలకపోతే నీళ్ల టెస్ట్ వెంటనే చేయాలె. ఒంటి మీద తెల్ల చుక్కలు, దూదిలాంటి మచ్చలు, ఎర్ర పుండ్లు ఉంటే తిండి పక్కన పెట్టి ముందు దాని సంగతి చూడాలె. వైద్యం చేసేటప్పుడు జాగ్రత్త, దుకాణంల ఇచ్చే నీలం, ఆకుపచ్చ మందులు, రాగి ఉన్న మందులు మామూలు డోసుల ఏస్తే ఈల్ తట్టుకోదు. సీసా మీద సన్న పొలుసుల చేపలకు ఎంత ఏయాలె అని రాసిందా చూడాలె, లేకపోతే సగం డోసుతోటి మొదలుపెట్టి చేపను కనిపెట్టుకొని ఉండాలె.

ఇంకో రకముంది. బాగనే తింటది కాని చిక్కిపోతుంటది, రెట్ట తెల్లగ దారంలెక్క వస్తది. నదుల నుంచి, చెరువుల నుంచి పట్టి అమ్మే చేపలల్ల కడుపుల పురుగులు ఉంటయి, అది వాటి లక్షణం. దీనికి మందులున్నయి, కాని చేప బరువు, నీళ్ల లెక్క చూసి ఇవ్వాల్సినవి, ఎవరో చెప్పిండ్రని మనుషుల గోళి పొడి చేసి ఏయొద్దు. వనపర్తి జిల్లా పెబ్బేరుల ఫిషరీస్ కాలేజ్ ఉంది, ఆ దిక్కోళ్లు ఫోటోలు, నీళ్ల రీడింగులు పట్టుకొని అడిగి చూడొచ్చు, లేదంటే చేపల సంగతి తెలిసిన పశువుల డాక్టర్‌ను.

వల నుంచో గాలం నుంచో తెచ్చిన బొమ్మిడాయి అయితే మూతి లోపల గాయం ఉందేమో చూడాలె. గాలం మింగిన చేపను తెచ్చుకోకుండుడే మంచిది, అది తినక కాదు, తినలేక.

ఎక్కువగ జరిగే తప్పులు

రోజూ ఇసుక తవ్వి చూసుడు, అన్నింటికంటే పెద్ద తప్పు ఇదే. ఒక్కసారి తవ్వితే మూడు నాలుగు రోజుల నమ్మకం పోయినట్టే.

పగటిపూట తిండి పెట్టి "తినదు" అని తేల్చుడు. ఇది రాత్రి తిరిగే చేప, మరిగినంక పగలు కూడ వస్తది, కాని మొదట్ల కాదు.

ఒకేసారి గుప్పెడు ఏసుడు. తినని తిండి కుళ్లి అమ్మోనియా పెరుగుతది, అమ్మోనియాతోటి ఆకలి చస్తది, ఇంకా తినదు, ఇంకా ఏస్తరు.

ఎండు రొయ్యలు, పెల్లెట్లతోటి మొదలు పెట్టుడు. వాటిని కొత్త ఈల్ తిండిగనే గుర్తుపట్టదు.

కరెంట్ పోయిందని పట్టించుకోకుండుడు. మన ఊర్లల్ల ఎండాకాలం రాత్రి రెండు గంటలు కరెంట్ పోతే ఎయిర్ ఆగి ఈల్ తిండి వదిలేస్తది, బ్యాటరీ మీద నడిచే చిన్న ఎయిర్ పంప్ ఒకటి ఉంచుకోవాలె.

10. తినుడు మొదలైనంక

మొదటి రెండు వారాలు ఎర్రలే పెట్టుర్రి, కొత్తవి కలపొద్దు. పిల్లలకు రోజు విడిచి రోజు కొంచెం కొంచెం, పెద్దవాటికి వారానికి రెండు మూడుసార్లు చాలు. తర్వాత ఒక ఎర్ర ముక్క, ఒక రొయ్య ముక్క కలిపి పెట్టాలె, రొయ్య ముక్కను ఎర్రలు కోసిన నీళ్లల్ల పది నిమిషాలు నానబెడితే వాసన పట్టి తింటది. అట్ల మెల్లగ రొయ్య, బ్లడ్ వార్మ్, ముళ్లు లేని చేప ముక్క అన్నీ మరుగుతది. ఎర్రలు దొరకని ఎండాకాలానికి ఇది పనికొస్తది. పెల్లెట్లు కొన్ని ఈల్స్ తింటయి, కొన్ని జన్మల తినవు, తినకపోతే బలవంతం వద్దు.

పెట్టే టైము రోజుకు పది నిమిషాలు ముందుకు జరుపుకుంట వస్తే కొద్దిరోజులకు సాయంత్రం లైట్ సన్నగ ఉండంగనే బయటికొస్తది. టైర్ ట్రాక్, ఫైర్ ఈల్ అయితే మనిషిని గుర్తుపట్టి అద్దం కాడికొచ్చి చిమ్టా నుంచి తీసుకుంటయి. చేత్తోటి పెట్టొచ్చు కాని చేతులకు సబ్బు, అత్తరు, పొలంల మందు వాసన ఉండొద్దు, వట్టి నీళ్లతోటి కడుక్కొని పెట్టుర్రి.

ఒకసారి మరిగిన ఈల్ మధ్యల మళ్ల రెండు మూడు రోజులు మానేస్తే తిండి మార్చకండి. ముందు థర్మామీటర్ చూడుర్రి, తర్వాత అమ్మోనియా, ఆ తర్వాత కొత్తగ ఏమన్న చేపను ఏసినరా, ట్యాంక్ జరిపినరా, నీళ్లు ఎక్కడివి పోసినరా అని గుర్తు చేసుకోండి. దాదాపు ప్రతిసారి కారణం ఆ ఐదింట్లనే దొరుకుతది.